లక్కతో అతికిన కుచ్చు

పక్షవాతం మా బాపు కుడి చేతిని పూర్తిగా, మాటను సగం పట్టుకుపోయింది. జఫర్‌గఢ్‌లో ఉన్నన్నాళ్లూ గడ్డం గీసుకోనిదే గడప దాటని మనిషి. ఇప్పుడు జనగామలో నా ఇంట్లో, నేను బడికి పోయే ముందు గడ్డం గీస్తుంటే కళ్లు మూసుకుని కూర్చుంటాడు. కూతురి చేత గీయించుకోవడం ఆయనకు చిన్నతనం. కటింగ్ షాపుకు పోదామంటే నలుగురూ చూస్తారని అది ఇంకా చిన్నతనం.

కత్తి నేను పట్టినా నురుగు మాత్రం తనే పూసుకోవాలని పట్టు. ఎడమ చేత్తో. కసరత్తు చేయించే డాక్టరు కూడా ఆ ఒక్క పనీ మానిపించొద్దన్నాడు. చిక్కల్లా బ్రష్షుతోనే. కొత్తవాటి పిడులు సన్నగా ఉండి, బాపు పిడికిట్లోంచి జారి ఒళ్లో పడేవి. గుడ్డ చుట్టి చూశాను, తడిసి ఇంకా జారింది. అది జారిన రోజు బాపు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పళ్లెం అట్లాగే వెనక్కి వచ్చేది.

చివరికి అంగడిలో, పాత సామాను పరుచుకుని అమ్మే ఆయన దగ్గర ఒకటి దొరికింది. జామకాయంత లావు కట్టె పిడి. కుచ్చు నిండా ఎండిన సబ్బు, మధ్యలో ఎవరిదో నెరిసిన వెంట్రుక. అయినా తీసుకున్నాను. "మసిలే నీళ్లల్ల పెట్టకు అక్కా, కుచ్చు లోపట లక్కతోని అతికిచ్చిండ్రు, కరుగుతది," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మూడు రోజులు దాని చాకిరే. పేలదువ్వెనతో దువ్వాను. గోరువెచ్చని నీళ్లలో సబ్బు వేసి, నీళ్లు తేటబడేదాకా పిండాను. పుండ్లు కడిగే మందు నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగి, కిటికీ ఊచకు తలకిందులుగా కట్టి ఆరేశాను. నా పట్టుచీరకు కూడా ఇన్ని సేవలు చెయ్యలేదు. ఆరిన సాయంత్రం బాపు చేతికిచ్చాను. జారలేదు. పొడి చెంప మీద రెండుసార్లు తిప్పుకుని, "రేపు, బిడ్డ," అన్నాడు. నెలల తర్వాత ఆయన రేపటి మాట ఎత్తడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మకు మాత్రం మనసొప్పలేదు. "ఎవలదో ఏమో. సచ్చినోనిదో, బతికినోనిదో."

"మంచిగ కడిగిన గదనే అమ్మా," అన్నాను. లక్క సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తెల్లారి స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో వేపాకు వాసన. పొయ్యి మీద గిన్నెలో పసుపు నీళ్లు తెర్లుతున్నాయి. మా ఇంట్లో ఎవరికి అమ్మవారు పోసినా, ఏ అంటు తగిలినా, మా అమ్మ అన్నిటినీ అట్లాగే మసలబెట్టి మమ్మల్ని సాకింది. "గంట సేపు ఉడకబెట్టిన. ఇగ ఏ రోగం రాదు నీ బాపుకు," అంది తృప్తిగా.

గరిటెతో తీశాను. పిడి ఒక్కటే వచ్చింది. కుచ్చు విడిపోయి, పసుపు పట్టిన వెంట్రుకలు వేపాకుల మధ్య తేలుతున్నాయి. కోపమొచ్చింది. అమ్మ మొహం చూశాక, ఆమెకు కనబడకముందే గిన్నె మీద మూత పెట్టేశాను. రాత్రీ పగలూ ఆయన్ని ఎత్తి దించుతున్నది ఆమే.

బాపు అప్పటికే కూర్చుని ఉన్నాడు, భుజం మీద తువ్వాలతో. నురుగు నేనే చేత్తో పూశాను. ఆయన ఎడమ చెయ్యి చాచాడు. దించలేదు. వేరే దారి లేక ఆ బోడి పిడినే చేతిలో పెట్టాను.

దాని వంక చూశాడు. నా వంక చూశాడు. వాకిట్లో నిలబడి మురిపెంగా చూస్తున్న అమ్మ వంక కూడా చూశాడు. తర్వాత పిడిని చెంపకు ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆగి, "నీళ్లు," అన్నాడు.

పిడిని తీసుకుని మగ్గులో ముంచి మళ్లీ ఆయన చేతికిచ్చాను.