అరంగుళం తేడా

ఆయన్ని ఆ వీధిలో పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అరంగుళం మాస్టారే. ముప్పై నాలుగేళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి. ఎవరైనా కోటు తెచ్చి బల్ల మీద పెడితే చాలు, టేపు తీసి అటూ ఇటూ కొలిచి, "కుడిచెయ్యి అరంగుళం పొడుగండీ" అని చెప్పందే పనిలోకి దిగడు. వంక పెట్టాలని కాదు, ఉన్నమాట చెప్పాలని. కాని ఉన్నమాట విన్నవాడికి ఒళ్ళు మండదా? "నా చేతులు బాగానే ఉన్నాయి, నీ టేపే సాగింది" అని బట్టలు వెనక్కి పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం ఆ పోట్లాట మధ్యలోనే కొలత పుస్తకంలో రాసుకుని, పక్కన తేదీ వేసుకునేవాడు.

కింద కొట్టు, మూడో అంతస్తులో ఇల్లు, మధ్యలో నలభై ఆరు మెట్లు. ఇంట్లో ఆయనా, ఆయన అక్కా, ఒక నల్లకుక్క. అక్కకి పెళ్ళి కుదరలేదు, తమ్ముడికి కుదిరింది కాని నిలవలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు. అక్క కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, తమ్ముడు మొహమాటపడి వదిలేసిన కూలి డబ్బులు నోరు పెట్టుకుని రాబడుతుంది. ఆవిడ నోటికి ఆ వీధిలో లొంగనిది కుక్క ఒక్కటే.

కుక్క పేరు బొగ్గు. ఎనిమిదేళ్ళ కిందట ఊరు మారిపోతున్న ఒకావిడ, కుట్టించుకున్న బట్టలు తీసుకుని, చంకలో ఉన్న కుక్కపిల్లని బల్ల మీద వదిలేసి వెళ్ళింది. "రెండంటే రెండు రోజులే ఉంచుకుంటాం" అంది అక్క. ఆ రెండు రోజులు ఇంకా గడుస్తూనే ఉన్నాయి. పిల్ల కాస్తా ముప్పై నాలుగు కిలోలయింది. దాన్ని తిట్టకుండా అక్కకి పూట గడవదు. "బొచ్చంతా నా కాజాల్లోనే రాల్చాలా, ఇంకెక్కడా చోటు లేదా?" అంటూనే తన కంచంలోంచి మంచి ముక్క ఏరి దానికి పెట్టేది.

దానికి ఇన్సూరెన్సు చేయించింది తమ్ముడే. మొదటి ఏడాదే చెవిలో పుండుపడితే, పశువుల డాక్టరమ్మ చేతిలో పెట్టిన డబ్బు చూసి ఆయన గుండె జారిపోయింది. ఇంతకంటే పెద్దదేదైనా వస్తే ఏం గతి అని భయపడి పాలసీ తీసుకున్నాడు. ఆయనకి డబ్బుని ప్యాంట్లలో కొలుచుకోవడం అలవాటు. మొదట్లో ప్రీమియం అంటే నెలకి రెండు ప్యాంట్ల అంచు మడిచిన కూలి. నాలుగో ఏడు నాలుగు ప్యాంట్లయింది. ఆరో ఏడు ఏడు. ఎనిమిదో ఏడు వచ్చిన ఉత్తరం విప్పి చూస్తే పదమూడు ప్యాంట్లు! ఇన్నేళ్ళలో బొగ్గు వాళ్ళ దగ్గర్నుంచి పైసా రాబట్టింది లేదు. రాయిలా ఉండేది.

ఆయన కంపెనీకి ఫోను చేశాడు. అరగంటసేపు సంగీతం వినిపించి, చివరికి ఒక అమ్మాయి పలికింది.

"అమ్మా, మా కుక్క ఏం తప్పు చేసిందని ఇంత పెంచారు?"

"తప్పేం లేదండీ. వయసు పెరిగింది."

"వయసు నాకూ పెరిగింది కదమ్మా. నేను కూలి పెంచితే ఒక్కరైనా ఊరుకుంటారా?"

"మీ వయసుతో మాకు సంబంధం లేదండీ" అంది ఆ అమ్మాయి, పాపం మర్యాదగానే.

పక్కనే కాజా కుడుతున్న అక్క సూది ఆపింది. "ఎందుకురా వాళ్ళ కాళ్ళు పట్టుకోవడం? లోకంలో ఇదొక్కటే కంపెనీయా? ఆ మందుల షాపతను చెప్పలేదూ, వాళ్ళ కుక్కకి సగానికి సగం తక్కువలో చేయించాడని! మార్చెయ్. ఏటేటా వీళ్ళ బొక్కసం నింపడానికా మనం కుట్టేది?"

ఆయన నాలుగు రోజులు నానబెట్టాడు. అక్క నాలుగు రోజులూ అదే పాట పాడింది. అయిదో రోజు కొత్త కంపెనీ కాగితాల మీద సంతకం చేశాడు. ఆరు ప్యాంట్లకే అయిపోయింది. ఆ కాగితాల్లో సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంది: మొదటి నెల రోజుల్లో కనబడిన ఏ లోపానికీ, అది తర్వాత ముదిరినా సరే, కంపెనీ బాధ్యత వహించదు. ఆయన చదివాడు. బొగ్గుకి ఏ లోపమూ లేదు కదా అనుకున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున్న బొగ్గు మెట్లు దిగుతూ దిగుతూ ఒక్కసారి కుయ్యిమని, ఎడమ వెనక కాలు పైకెత్తి నిలబడిపోయింది. బిస్కెట్టు చూపించినా కాలు నేలకి ఆనించలేదు. అక్క తిట్టడం మర్చిపోయింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటోలు తీసి చూసింది. "మోకాలి లోపల నరంలాంటి పట్టు ఒకటి ఉంటుంది. అది తెగింది. ఒక్కరోజులో తెగలేదండీ, పాత తాడు పోగులు విడినట్టు కొన్నాళ్ళుగా విడుతూ వచ్చింది. ఆపరేషను చేస్తే మళ్ళీ మామూలుగా నడుస్తుంది. చెయ్యకపోతే బరువంతా రెండోకాలి మీద పడి, అదీ తెగుతుంది. అప్పుడిక లేవదు" అని చెప్పి, ఖర్చు ఒక చీటీ మీద రాసిచ్చింది. కొట్టు ఎనిమిది నెలలు తెరిచి, ఇద్దరూ తిండి మానేస్తే ఆ డబ్బు వస్తుంది.

"ఇన్సూరెన్సు ఉందండీ" అన్నాడు ఆయన. ఆ మాట అనగలిగినందుకు అప్పుడు ఎంతో ధైర్యంగా ఉంది.

క్లెయిము ఫారం కొట్లోనే, బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచి నింపడం మొదలెట్టాడు. మూడో పేజీలో ఒక ప్రశ్న: మొట్టమొదట ఏదైనా తేడా ఎప్పుడు గమనించారు?

"మెట్ల మీద కుయ్యిమన్న రోజు. ఇంకేం ఉంది రాయడానికి?" అంది అక్క.

ఆయన కలం కింద పెట్టి, కొలతల పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. చలికాలం ముందు ఏటా బొగ్గుకి మందపాటి గుడ్డతో కోటు కుడతాడు. అందరికీ తీసినట్టే దానికీ కొలతలు తీస్తాడు. ఆ పేజీ దొరికింది. ఛాతీ, మెడ, వీపు, కుడి తొడ పద్నాలుగు, ఎడమ తొడ పదమూడున్నర. పక్కన ఆయన చేతిరాతే, అరంగుళం తేడా అని. కింద తేదీ. ఆ రోజు ఎడమవైపు గుడ్డ కాస్త లోపలికి పట్టి కుట్టి, కోటు సరిగ్గా కూర్చుందని మురిసిపోయాడు కూడా.

"ఇదక్కా. అప్పుడే గమనించాను."

"నువ్వు టైలరువిరా, డాక్టరువి కాదు! తొడ సన్నగా ఉంటే జబ్బా? ఆ లెక్కన నాకు ఒళ్ళంతా జబ్బే."

"గమనించారా అని అడిగారు."

"ఆ పుస్తకం వాళ్ళొచ్చి చూశారా?"

"నేను చూశాను కదా."

ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలో, నాలుగు చీవాట్లు పెట్టాలో నాకు ఇప్పటికీ తేలదు. ఆయనకి తోచింది ఒకటే: కొలత ఎంత కచ్చితంగా ఇస్తే పని అంత కచ్చితంగా జరుగుతుంది. ముప్పై నాలుగేళ్ళు ఆయన అన్నం తిన్నది ఆ నమ్మకం మీదే. ఆ తేదీ కొత్త పాలసీకి ఎన్నో రోజు అవుతుందో లెక్కపెట్టుకోవాలని తట్టలేదు. అక్కకీ తట్టలేదు. పైగా ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి వెళ్ళి, పుస్తకంలో ఆ పేజీకి నకలు తీయించి, ఫారానికి పిన్ను కొట్టి మరీ పంపాడు.

పుస్తకంలోని ఆ తేదీ కొత్త పాలసీకి పందొమ్మిదో రోజు.

జవాబు మూడు వారాలకి వచ్చింది. మీరిచ్చిన స్పష్టమైన వివరాలకు కృతజ్ఞతలు అని మొదలైంది. మీరే జతచేసిన కాగితం ప్రకారం లోపం మొదటి నెలలోనే కనబడింది కాబట్టి ఏమీ ఇవ్వలేము అంది. ఇకమీదట దీనికి రెండు మోకాళ్ళూ పాలసీ కిందికి రావు అని కూడా చెప్పింది. ఆఖర్న, వచ్చే నెల ప్రీమియం ఫలానా తేదీలోగా కట్టమని గుర్తుచేసింది. ఆయన ఫోన్లు చేశాడు, ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. పాత కంపెనీ మళ్ళీ చేర్చుకుంటామంది, ఆ కాళ్ళు తప్ప. బ్యాంకు మేనేజరు కుక్క మోకాలికి అప్పు అనగానే నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

అక్క మూడు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. నాలుగో రోజు టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"మార్చమన్నది నేనేరా" అంది.

"రాసింది నేను."

"పదమూడు ప్యాంట్లు కట్టుకుంటూ పోతే ఏం పోయేది? ఇంకో పూట ఎక్కువ కుట్టేవాళ్ళం" అంటూ ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన ఆవిడ ఏడవడం అంతకు ముందు చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక టీ తాగేశాడు.

ఆయన బరకం గుడ్డతో ఒక వెడల్పాటి పట్టీ కుట్టాడు, రెండు పక్కలా పిడులు పెట్టి. దాన్ని బొగ్గు పొట్టకింద వేసి, చెరోవైపు పట్టుకుని, రోజుకి మూడుసార్లు నలభై ఆరు మెట్లు దించేవాళ్ళు, ఎక్కించేవాళ్ళు. ఆయనకి నడుం పట్టేసేది. అక్క ప్రతి అంతస్తులోనూ ఆగి, "నా మోకాళ్ళూ పోతున్నాయి, వాటికీ ఏ కంపెనీ ఇవ్వదు" అనేది. బొగ్గు మాత్రం తనని మోస్తున్నందుకు సిగ్గుపడ్డట్టు తల దించుకునేది. రెండు నెలలయ్యేసరికి కుడి మోకాలు కూడా ఉబ్బింది.

డాక్టరమ్మ దాన్ని నొక్కి చూసి, చేతులు కడుక్కుని, గది తలుపు వేసింది. "ఇంకో నెల. ఆ తర్వాత దాని ప్రాణం తీసే సూది నా చేత వేయించాల్సి వస్తుంది. ఒక్క దారి ఉంది. ఊరవతల అనాథ జంతువుల ఆశ్రమం ఉంది కదా, అక్కడి డాక్టరు ఈ ఆపరేషను బాగా చేస్తాడు. డబ్బు తీసుకోరు. కాని దిక్కులేని కుక్కలకే. యజమాని ఉన్నాడంటే గుమ్మంలోంచే పంపేస్తారు. బాగయ్యాక ఎవరో ఒకరికి పెంచుకోవడానికి ఇచ్చేస్తారు. మీకు కాదు. నేను చెప్పానని ఎక్కడా అనకండి."

ఇంటికొచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రెండోనాడు బొగ్గు లేవబోయి రెండు వెనక కాళ్ళూ జారి కూలబడింది. దాన్ని లేపుతూ అక్కే అంది, "తీసుకెళ్ళరా" అని.

వెళ్ళే రోజు ఆవిడ దానికి స్నానం చేయించింది. "వీధికుక్కకి ఇంత నిగనిగ ఎక్కడిదంటే ఏం చెప్పనక్కా?" అన్నాడు ఆయన. "అననీ. మురికితో మాత్రం పంపను" అంది. మెడపట్టీ ఆవిడే విప్పింది. ఆశ్రమం దాకా వచ్చింది కాని లోపలికి రాలేదు. రోడ్డుకి అవతల, చెత్తడబ్బా పక్కన నిలబడిపోయింది.

లోపల బల్ల దగ్గర కళ్ళజోడు నెత్తికెత్తుకున్న ఒకావిడ ఫారం తీసింది.

"ఎక్కడ దొరికింది?"

"మా వీధి చివర."

"ఎప్పుడు?"

తేదీ విషయంలో అబద్ధం చెప్పడం ఆయన జన్మలో అదే మొదలు. "నిన్న" అన్నాడు.

"ఎవరిదో ఏమైనా తెలుసా?"

"తెలీదండీ."

"పేరు?"

బొగ్గు ఆయన బూటు మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. "తెలీదండీ" అన్నాడు మళ్ళీ.

లోపల్నుంచి ఒక మనిషి తాడు పట్టుకొచ్చాడు. బొగ్గు మెడకి వేసి లాగాడు. అది కదల్లేదు. బుజ్జగించాడు, ఈలవేశాడు. అది ఆయన మొహంలోకే చూస్తూ నేలకి కరుచుకుపోయింది. "మొండిది. ఎత్తుకుపోవాల్సిందే" అంటూ ఆ మనిషి దాని వెనక కాళ్ళ కింద చెయ్యి పెట్టాడు. అది కేకపెట్టింది.

"అక్కడ పట్టుకోకండి!" అన్నాడు ఆయన. ఆ మాట అప్పటికే నోరు దాటిపోయింది. ఇక ఆపుకోలేక వంగి, దాని చెవి దగ్గర చెప్పాడు. "వెళ్ళు బొగ్గూ. ఆయనతో వెళ్ళమ్మా."

బొగ్గు ముందు కాళ్ళ మీద బలమంతా వేసి లేచింది. ఈడ్చుకుంటూ, ఎదురు తిరగకుండా, ఆ మనిషి వెంట తలుపులోకి వెళ్ళింది. బల్ల దగ్గరావిడ నెత్తి మీది కళ్ళజోడు దించి పెట్టుకుంది. ఆయన వంక చూడకుండా, పేరు అన్న గడిలో బొగ్గు అని రాసి, ఫారం ఆయన వైపు తిప్పింది. ఆయన సంతకం పెట్టి బయటికొచ్చాడు.

అక్క రోడ్డు దాటి ఎదురొచ్చింది. "వెనక్కి తిరిగి చూసిందా?" అని అడిగింది.

"లేదక్కా. వెళ్ళమన్నాను, వెళ్ళింది."