రెండు ప్రార్థనలకూ ఆమేన్

ఈ ఉదయం ఎచ్చెర్ల దాటాక, రోడ్డు పక్క బట్టీలో వానకు నానిన పచ్చి ఇటుకల వాసన తగిలింది. బండి ఆపేశాను.

ఇళ్లల్లో జరిగే ప్రార్థన కూడికలు గుర్తున్నాయా మీకు? ఈతాకు చాపలు, పెట్రోమాక్స్ దీపం, అట్ట ఊడిన పాటల పుస్తకం, చివర్లో బెల్లం కలిపిన బొరుగులు. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం కూడిక మా ఇంట్లో. పక్కింటి మార్తమ్మ పెద్దమ్మ, "తండ్రీ, ఆకుమడిలో నారు ఎండిపోతన్నాది, వాన కురిపించు" అని ఏడ్చింది. అందరూ ఆమేన్ అన్నారు. తర్వాత మా నాన్న. ఆయనది చిన్న ఇటుకల బట్టీ. కోసిన ఇటుకలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఇటికలు ఆరేదాకా వాన ఆపు, ప్రభువా."

దానికీ అందరూ ఆమేన్ అన్నారు, పెద్దమ్మతో సహా.

"మామ్మా, దేవుడు ఎవరి మాట ఇంటాడే?" అని నాయనమ్మ చెవిలో అడిగాను.

"నోర్ముయ్యే. అడగడమే మన పని."

తెల్లారేసరికి వాన. ఇటుకలు మట్టిముద్దలయ్యాయి. "స్తోత్రం" అంటూ వచ్చిన పెద్దమ్మ, బట్టీ గట్టు మీద కూలబడిన నాన్నను చూసి ఆగిపోయింది.

"ఏటి మరిదీ, నానడిగినందుకేనా?"

"సాల్లే వొదినా. ముందు నారు సూసుకో, పో."

ఆదివారం చర్చిలో ఆమె, దేవుడే వాన ఇచ్చాడని సాక్ష్యం చెబితే మొదట ఆమేన్ అన్నది నాన్నే. ఎందుకన్నాడో నేను అడగలేదు. ఇప్పుడు ఆయన లేడు.

ఇప్పటికీ ఏదైనా అడుగుదామని కళ్లు మూస్తాను. దేవుడు నాకిచ్చేది ఇంకెవరి చేతిలోంచి తీస్తాడో తెలియక సగంలోనే ఆగిపోతాను.