తలలు లేని ఫోటోలు

భూమేశ్ ఒమాన్ దేశంలో ఆరేళ్లలో మూడు వందల మంది తలలు తీశాడు. అబద్ధమైతే అట్లకాడ కాల్చి వాత పెట్టండి. అన్నీ పట్టపగలే, శుక్రవారం పూటే, పదిమందీ చూస్తుండగానే. ఒక్క కేసు లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. పైగా తలలు పోయినవాళ్లే ఆయనకు చాయ్ తాగించి పంపేవాళ్లు.

తీసింది ఫోన్‌తో లెండి. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఒకే కంపెనీలో పికప్ తోలుతున్నాడు భూమేశ్. శుక్రవారం డ్యూటీ ఉండదు. ఆ రోజు ‘మన సాయం’ అనే తెలుగువాళ్ల గుంపుకు బండి తోలేవాడు. పనిచేసే ఇల్లు వదిలేసో, కట్టుకున్నవాణ్ని వదిలేసో వచ్చి, కాగితాలు చేతికందేదాకా ఈ రూమ్ నుంచి ఆ రూమ్‌కు తిరిగే ఆడవాళ్లకూ వాళ్ల పిల్లలకూ ఆ గుంపులో ‘ముసాఫిర్లు’ అని పేరు. వాళ్లున్న చోటు వెతుక్కుంటూ వెళ్లి బియ్యం, పప్పు, నూనె, పాలపొడి ఉన్న కిట్టు చేర్చాలి. చేర్చాక ఫోటో దించాలి. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, నవ్వే మొహాలు అన్నీ రావాలి. సాయంత్రంలోగా అది వాట్సాప్ గ్రూపులో పడాలి. ఫోటో పడకపోతే కిట్టు ఇవ్వనట్టే.

భూమేశ్ దించిన ఫోటోల్లో బియ్యం సంచి మీది సన్న అక్షరాలు కూడా చదవొచ్చు. మనుషులకు మాత్రం మెడ మీద ఏమీ ఉండదు. మస్కట్‌లోని ఘుబ్రాలో ఒక ఇంజనీరుగారు తన పుట్టినరోజున కిట్లు పంచితే టై వచ్చింది, ఆయన రాలేదు. అజైబాలో పెద్ద కిరాణా దుకాణం ఉన్న నిసార్ అహ్మద్ సేట్ పొట్ట వచ్చింది, గడ్డం కూడా రాలేదు.

“క్యా భూమేశ్ భాయ్! పొట్ట చూసి మా బేగమ్ గుర్తుపట్టింది. మిగిలినోళ్లు ఎట్ల గుర్తుపడ్తరు?”

“ఏం జేద్దు సేట్, నా ఫోను పొట్టిది. మీ తలకాయ దాంక అందలే.”

గుంపంతా ఘొల్లుమనేది. భూమేశ్ అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. పాపం చేతకాదులే అని వాళ్లు అనుకోవడమే ఆయనకు కావాలి. ఆ అనుకోవడాన్ని గాజు సామాను మోసినంత జాగ్రత్తగా ఆరేళ్లు మోశాడు.

ఈ మధ్య ఒక శుక్రవారం ఉదయం పికప్ మస్కట్ నుంచి రెండు గంటల దూరమున్న ఖబూరా దారి పట్టింది. ముందు సీట్లో నిసార్ సేట్, ఇస్త్రీ మడత నలగకుండా తెల్ల కుర్తా సర్దుకుంటున్నాడు. వెనక సీట్లో రాజేశ్వరి. ఘుబ్రాలో ఒక క్లినిక్‌లో నర్సు, గుంపును నడిపేది ఆమే. ఖబూరా దాటాక ఒక ఖర్జూరపు తోటలో, మోటారు పక్కనున్న గదిలో కడప నుంచి వచ్చిన జైనబ్, ఆమె ఏడేళ్ల కూతురు తయ్యబా తలదాచుకుంటున్నారు. తండ్రి కొట్టిన దెబ్బకు పిల్లకు ఎడమ చెవి వినపడదు. వాడింకా వెతుకుతూనే ఉన్నాడు. ఎంబసీ నుంచి కాగితాలు వచ్చేశాయి, టికెట్లే మిగిలాయి. ఆ రెండు టికెట్లూ తాను తీసిస్తానన్నాడు సేట్. పిల్లతో తను దిగిన ఫోటో ఒకటి కావాలన్నాడు. తలతో.

ఖబూరాలో రోడ్డు పక్కన ఆకుపచ్చ బోర్డున్న కూరగాయల కొట్టు కనబడగానే సేట్ చెయ్యెత్తాడు. “రోకో, రోకో! పాపకు జ్యూస్ తీసుకుందం.”

బండి ఆగలేదు. భూమేశ్ కాలు బ్రేకు దాకా పోలేదు. చూపు తిప్పకుండా ముందుకు తోలాడు.

“ఏమాయె? చెవులు గుడ పొట్టివైనయా?”

“ఆడ మంచి జ్యూస్ దొరకది సేట్,” అన్నాడు భూమేశ్.

తోటలో జైనబ్ గది ఊడ్చి, చాప పరిచి, వచ్చినవాళ్లకు చాయ్ పెట్టింది. ఫోటో అనగానే తయ్యబా తొట్టి దగ్గరికి పరుగెత్తి, తడి చేత్తో జుట్టు దువ్వుకుని వచ్చి, చెప్పకముందే బియ్యం సంచి పక్కన నిటారుగా నిలబడింది. సేట్ తన కొత్త ఫోను భూమేశ్ చేతిలో పెట్టాడు.

“నీ పొట్టి ఫోను వద్దు బాబూ. ఇది పొడుగుది. ఇంకేం సాకు చెప్తవ్?”

భూమేశ్ ఫోను ఎత్తాడు. తెర మీద సేట్ ఉన్నాడు, పిల్ల ఉంది, వెనక నీలం రంగు నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు మీద తోట పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. తయ్యబా వినపడే చెవిని భూమేశ్ వైపు తిప్పి అడిగింది:

“చాచా, నవ్వాల్నా?”

ఫోను కిందికి దిగిపోయింది.

“నేను దించ,” అన్నాడు భూమేశ్.

“ఏంది?”

“దించ సేట్. ఇంకెవలన్న దించుతానంటే గుడ దించనియ్య.”

రాజేశ్వరికి కోపం వచ్చింది. “ఏమైంది భూమేశ్ నీకు? ఇంత దూరమొచ్చి ఇదేం యవ్వారం?”

అందరికన్నా ఎక్కువ భయపడింది జైనబ్. “తీయన్నా, నీకు దండం పెడతా. మొగం కనపడితే ఏమి, పోనీ. మాకు టికెట్లు గావాల గదన్నా!”

సేట్ చెయ్యి చాచాడు. “లావ్, నేనే తీసుకుంట సెల్ఫీ.” భూమేశ్ ఫోను ఇవ్వలేదు. గట్టిగా పట్టుకుని, పిల్లకూ సేట్‌కూ మధ్య మేకులా నిలబడ్డాడు. ఒక్క మాట తేడాగా పడితే టికెట్లు పోతాయని ఆయనకు తెలుసు. ఊరికే వద్దంటే ఇక్కడెవరూ వినరనీ తెలుసు. చివరికి జైనబ్‌తో, “అమ్మా, పిల్లను జరసేపు మేకల కాడికి తోలు,” అన్నాడు.

తయ్యబా మేకల దాకా పోయిందని చూసుకున్నాక చెప్పాడు.

ఆరేళ్ల కింద, ఆ ఆకుపచ్చ బోర్డు కొట్టు వెనక గదిలో ఒక తల్లీ ఐదేళ్ల కొడుకూ ఉండేవారు. పిల్లవాడి పేరు దానిష్. వాళ్లూ ఇలాగే తండ్రి నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. అప్పుడు భూమేశ్ గుంపులో కొత్త. మొదటి కిట్టు, మొదటి ఫోటో, ఒళ్లు తెలియని హుషారు. జ్యూస్ ప్యాకెట్‌కు తనే స్ట్రా గుచ్చి చేతికిచ్చి, పిల్లవాణ్ని కొట్టు ముందు నిలబెట్టి, “నవ్వురా కొడకా, దేశమంత చూస్తది నిన్ను!” అన్నాడు. పిల్లవాడు స్ట్రా నోట్లోంచి తీసి, “మా అబ్బా కూడా చూస్తాడా?” అని అడిగాడు. తండ్రి మీద బెంగ పెట్టుకున్నాడేమో అనుకున్నాడు భూమేశ్. ఇంట్లో తన కొడుకూ ఫోన్లో అలాగే అడుగుతాడు మరి. “అబ్బా గుడ చూస్తడు బేటా, పక్కా చూస్తడు!” అన్నాడు. పిల్లవాడు నవ్వలేదు. నవ్వకుండానే ఫోటో వచ్చింది. బోర్డు మొత్తం వచ్చింది, కొట్టు పేరుతో సహా.

తెల్లారి కంపెనీ లోడుతో అటు పోతూ పాలపొడి ఇద్దామని ఆగితే గది తలుపు తెరిచి ఉంది. పొయ్యి మీద చాయ్ మాడి గిన్నె నల్లబడింది. పిల్లవాడి చెప్పు ఒకటి గుమ్మం బయట, ఇంకోటి లోపల. పిల్లవాడి తండ్రినని చెప్పి ఒకడు రాత్రి కారులో వచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుపోయాడని కొట్టతను చెప్పాడు. సరిగ్గా అప్పుడే భూమేశ్ ఫోన్‌లో రాజేశ్వరి మెసేజ్ వచ్చింది, ‘వాళ్లు ఎట్లున్నరు?’ అని. ఆ ఖాళీ గదిలో నిలబడే భూమేశ్ బొటనవేలు రాసింది: ‘టికెట్ దొరికింది అక్కా. రాత్రే ఇంటికి పోయిన్రు.’

చెప్పడం అయిపోయింది.

“ఎయిర్‌పోర్టుల నేనే దింపిన అంటివి గదరా,” అంది రాజేశ్వరి మెల్లగా. “పిలగాడు అద్దం అవుతల నుంచి చెయ్యి ఊపిండంటివి. విమానంల రెండు జ్యూసులు అడుగుతడంట అని నవ్విస్తివి మమ్ముల.”

“చెప్పిన అక్కా.”

“వాళ్లు ఏడ ఉన్నరని మేం ఎవ్వలం దేవులాడలే.”

“దేవులాడితే నా ఫోటో సంగతి బయటవడ్తదనే అట్ల అబద్ధం చెప్పిన.”

రాజేశ్వరి పోయి జైనబ్ పక్కన నిలబడింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని భూమేశ్‌కు అనిపించింది. గాడిదా అన్నా, చెప్పు తీసుకున్నా బాగుండును.

సేట్ భూమేశ్ చేతిలోని తన ఫోను వైపు చూశాడు. “ఆ ఫోటో… మైనే భీ దేఖా క్యా?”

“చూసిండ్రు సేట్. దండం బొమ్మ పెట్టిండ్రు. నూట ఇరవై మంది పెట్టిండ్రు. అండ్ల ఎవలు ఆ పిలగాని తండ్రికి పంపిన్రో ఇప్పటికీ తెల్వది.”

సేట్ తెల్ల కుర్తా సంగతి మరచిపోయి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు ట్యాంకు మీది నంబరునే చూశాడు. తర్వాత లేచి, భూమేశ్ చేతిలోంచి తన ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. జైనబ్ వైపు నేరుగా చూడలేక, “పాస్‌పోర్ట్ కాపీలు నాకొక్కనికే పంపమ్మా. గ్రూపుల వెయ్యకు. టికెట్లు రేపు వస్తయ్,” అన్నాడు. జైనబ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేకల దగ్గరి నుంచి తిరిగొచ్చిన తయ్యబా మాత్రం ఫోటో తీయలేదని అలిగి, దువ్వుకున్న జుట్టంతా రెండు చేతులతో చెరిపేసుకుంది.

వెనక్కి వచ్చేటప్పుడు రాజేశ్వరి ఆకుపచ్చ బోర్డు దగ్గర బండి ఆపించింది. భూమేశ్ దిగలేదు. ఆమె ఒక్కతే వెళ్లి అడిగి వచ్చింది. కొట్టు చేతులు మారింది, పాత మనిషి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. బండి ఎక్కి, “ఫోటో ఉన్నదా?” అంది.

ఉంది. ఆరేళ్లలో రెండు ఫోన్లు మారినా అది మాత్రం ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వస్తూనే ఉంది. భూమేశ్ దించినవాటిలో తలకాయ ఉన్నది అదొక్కటే. దానిష్ చేతిలో జ్యూస్ ప్యాకెట్ ఉంది, నోటికీ స్ట్రాకూ మధ్య జానెడు ఎడం ఉంది. ఫోటో దించినవాణ్ని కాదు వాడు చూస్తున్నది, దించినవాడి భుజం మీదుగా రోడ్డును. కొన్ని శుక్రవారాలు ఆ ఫోటో చూస్తూ భూమేశ్ తనూ వెనక్కి తిరిగి రోడ్డు చూసేవాడు, ఎవరైనా వస్తున్నారేమోనని.

“పంపాల్నా అక్కా?” అన్నాడు అలవాటు కొద్దీ.

“పంపకు,” అంది రాజేశ్వరి. ఫోనే తీసుకుంది. మర్నాడు దాన్ని చేత్తో పట్టుకెళ్లి ఎంబసీలో చూపించి, ఇక్కడి పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం రాయించింది.

తయ్యబా, జైనబ్ తర్వాతి మంగళవారం మస్కట్ నుంచి విమానం ఎక్కారు. వెంట రాజేశ్వరి, ఇంకో ఆడమనిషి ఎయిర్‌పోర్టు దాకా పోయి, విమానం లేచేదాకా ఉండి వచ్చారు. కడప చేరిన కబురు ఆ ఇద్దరికే వచ్చింది, గ్రూపుకు రాలేదు. ఇప్పుడు గుంపులో పిల్లల మొహాలు తీయరు, గదుల గుర్తులు చెప్పరు. పిల్లలున్న చోటికి ఒక్కరే పోరు. వెళ్లిపోయారన్న కబురును ఒకరి నోటి మాట మీద నమ్మరు.

బర్కా నుంచి సోహార్ దాకా తెలుగువాళ్ల రూముల్లో ఈ కథ ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో భూమేశ్ సేట్ ఫోనును రాయికేసి కొట్టాడు. ఇంకోదాంట్లో తయ్యబా తండ్రి తోట గేటు దాకా వస్తే పికప్ అడ్డం పెట్టి ఆపాడు. పిల్లల్ని కాపాడే రూలు పుట్టించిన మొనగాడు భూమేశేనని మాత్రం మూడింటిలోనూ ఉంది. మొన్న ఒక శుక్రవారం బండి అద్దం తుడుస్తుండగా ఎవరో ఈ ముక్క ఆయన మొహం మీదే పొగుడుతూ చెప్పారు. భూమేశ్ గుడ్డ పిండి, అద్దం మీదే చూపు ఉంచి అన్నాడు:

“రూలు పెట్టింది రాజేశ్వరక్క. టికెట్లు సేట్ ఇచ్చిండు. నన్ను బండి తోలుడు కాడికే ఉంచిండ్రు. దానిష్ ఇంక దొర్కలే.”