పదకొండు గొంతులు

గోదావరిఖనిలో గని కార్మికుల దవాఖాన ల్యాబులో దయాసాగర్ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. డాక్టర్లు మారినా ఆ కుర్చీ ఆయనదే.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఒక శుక్రవారం పొద్దున గని కబడ్డీ జట్టు కెప్టెన్ జగదీశ్వర్ ఒక్కడే వచ్చి నోరు తెరిచి కూర్చున్నాడు. జట్టులోని బుచ్చన్నకు ఆ జ్వరమేనని ముందురోజే తేలింది. మంగళవారం దాకా అందరూ అతనితో కలబడి ఆడినవాళ్లే. ఆదివారం గోలేటిలో ఫైనల్. ముప్పై ఎనిమిదేళ్ల జగదీశ్వర్‌కు అదే ఆఖరి ఆట.

"మిగతా పదిమంది ఏరి?" అన్నాడు దయాసాగర్.

"వాళ్లెందుకు సార్? గనిల సర్దార్ ఒక్కడే దీపం పట్టి గ్యాస్ సూస్తడు. బాగుందంటే అందరం లోపలికి పోతం. జట్టుకు నేను సాలనా?"

దయాసాగర్ నవ్వు ఆపుకున్నాడు. "గ్యాస్ అందరికీ ఒక్కటే జగదీశా. ఇది ఎవరి గొంతుల వాళ్లకే ఉంటది. అందర్నీ తోలుకరాపో."

మధ్యాహ్నానికి జట్టంతా వచ్చింది. పావుగంటలో గీత చూపే పరీక్ష కార్డు ఉంది, అదే చాలన్నారు అందరూ. రోగం ఉన్నా ఆ కార్డు చాలాసార్లు గీత చూపదని దయాసాగర్‌కు తెలుసు. గొంతులో పుల్ల తిప్పి, సీసాలో పెట్టి హైదరాబాదుకు పంపితే నమ్మొచ్చు. కానీ ఫలితం సోమవారం గాని రాదు.

"మీరే చెప్పండి. మీరు ఏదంటే అదే రాస్తాను," అంది డాక్టరమ్మ సత్యవతి.

ఎదుటి బెంచీ మీద ఏడు నెలల గర్భిణి రక్తపరీక్షకు కూర్చుని ఉంది. ఆ జ్వరం అంటితే ఎక్కువ ముప్పు అలాంటివాళ్లకే. దయాసాగర్ ఆమెను చూశాడు, జగదీశ్వర్ మోకాలి పట్టీని చూశాడు.

"పుల్లే మేడమ్. ఫలితం వచ్చేదాకా ఎవరూ బస్సెక్కొద్దు."

"మా కప్పు నీ సీసల ముంచినవ్ గదా సార్!" అని జట్టులోని రాజం అరిచాడు.  జగదీశ్వర్ అందరికంటే ముందు నోరు తెరిచాడు.

ఆదివారం ఎదుటి జట్టు ఆడకుండానే కప్పు ఎత్తుకుంది. సోమవారం కాగితం వచ్చింది. పదకొండుగురిలో ఎవరికీ లేదు. దయాసాగర్ దాన్ని పట్టుకుని తనే జగదీశ్వర్ క్వార్టరుకు నడిచాడు.

"ఎవరికీ లేదు. మీరు ఆడినా ఏం కాకపోయేది," అన్నాడు తల దించుకుని.

"కార్డు గూడ గిదే చెప్పేది గదా?"

"చెప్పేది. కానీ దాని మాట నేను నమ్మకపోయేటోణ్ణి."

 జగదీశ్వర్ సెల్‌ఫోన్ తీసి బుచ్చన్న నంబరు నొక్కాడు.

"బుచ్చన్న మూడు రోజుల సంది ఏడుస్తుండు సార్, నా వల్ల మీకందరికీ అంటిందేమోనని. నేను చెప్తే నమ్ముతలేడు. జర నువ్వే చెప్పు."

దయాసాగర్ ఫోను అందుకుని, కాగితాన్ని వెలుతురుకు తిప్పుకున్నాడు.

"బుచ్చన్నా, పేర్లు చదువుత, ఇనుకో. జగదీశ్వర్, లేదు. రాజం, లేదు..."