దున్నినవాడు ఒప్పుకోవాలట

డెబ్బైల చివర నేను హన్మకొండలో లా చదువుతున్నాను. ఒకరోజు మా సార్ దురాక్రమణ గురించి పాఠం చెప్పారు. ఒక దేశం ఇంకో దేశం మీదికి సైన్యాన్ని తోలడం నేరాలన్నిటికీ తల్లి లాంటిదట. దురాక్రమణ అంటే ఏమిటో ప్రపంచ దేశాలు కూర్చుని నిర్వచనం కూడా రాసుకున్నాయట. "మరి విచారించే కోర్టేది సార్?" అని అడిగాను. "లేదు," అన్నారాయన. దేశాల తగవులు తీర్చే కోర్టు ఒకటి ఉంది గానీ, అక్కడ కేసు నడవాలంటే దాడి చేసిన దేశం కూడా ఒప్పుకోవాలి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అదే వారం మా మేనత్త కబురు పంపింది. ఆమెది వరంగల్ పక్క పల్లె. మామ పోయాక ఎకరం మిరప చేనే ఆమెకు దిక్కు. నారు పెట్టే ముందు పక్క పొలం ఆసామి గట్టు చెరిపి, ఆ చేనంతా తన నాగళ్లతో దున్నించేశాడు. అడ్డం పోయిన అత్తను జీతగాళ్లు తోసేశారు. ఆమె మట్టిపెళ్ల విసిరితే ఎద్దు కాలికి తగిలింది. పోలీసులు భూమి తగాదా మాది కాదు పొమ్మన్నారు. కోర్టుకెక్కితే ఎన్నేళ్లు పడుతుందో లా చదివే నాకే తెలియదు. మిగిలింది ఊరి పంచాయితీ.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ముందు ఇరుపక్షాలూ పెద్దమనుషులకు "మీ మాట దాటం" అని మాటివ్వాలి. ఒక్కరు ఇవ్వకపోయినా ఆ తగవు ఎత్తరు. అత్త వెంటనే మాటిచ్చింది. ఆసామి పెద్దమనుషులు కూర్చునే గద్దె దగ్గరికి కూడా రాలేదు. "నా పొలంల నేను దున్నుకున్న. నాకేం పంచాయితీ?" అని దూరం నుంచే అనేసి పోయాడు.

"ఆయన ఒప్పుకుంటలేడాయె. మేమేం జేస్తం బిడ్డా?" అన్నాడు ముసలి పెద్దమనిషి నాతో.

"దున్నినోడు ఒప్పుకుంటేనే దున్నుడు తప్పయితదా తాతా?"

"పద్ధతి పద్ధతే."

థూ! అంతటితో ఆగినా బాగుండేది. ఆసామి జీతగాడు లేచి, ఎద్దు కుంటుతోందని ఫిర్యాదు చేశాడు. వాడు మాటిచ్చాడు. అత్త అప్పటికే ఇచ్చేసింది. ఇంకేం, తగవు బ్రహ్మాండంగా నడిచింది. ఎకరం భూమి పోతే పెగలని నోళ్లు మట్టిపెళ్ల మీద పొద్దుగూకేదాకా ధర్మం చెప్పాయి. అత్త ఎద్దుకు మందు పెట్టించాలి, జీతగాడికి తప్పయిందని చెప్పాలి, అదీ తీర్పు! మాటిచ్చిన మనిషి కదా, చెప్పింది. నేను వాళ్లిచ్చిన చాయ్ ముట్టకుండా లేచి వచ్చాను.

చేలో కాయ ఎర్రబడే వేళకు అత్త అందులోనే కూలికి పోతోంది. మరుసటేడు ఆ ముసలాయన చనిపోతే, ఆయన చోట ఎవరిని కూర్చోబెట్టారనుకున్నారు? ఆసామినే! ఊరికి న్యాయం చెప్పడానికి! నేను పోయినప్పుడు అత్త గద్దె ముందు ఆగి, వాడికి వంగి దండం పెట్టింది.

"సిగ్గులేదా అత్తా, వానికి దండం బెడ్తవా?" అని కసిరాను.

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అంది భయంగా. "వింటే రేపటి సంది నన్ను చేన్లకు రానియ్యడు."