ఆసుపత్రిలో నేను వేసిన డాక్టరు వేషం

దోర్నాల పోయే దారిలో ఉంటుంది మా ఊరు. అక్కడి చర్చిలో పన్నెండేళ్ల వయసు నుంచి ప్రతి క్రిస్మస్ నాటకంలోనూ నాకు ఒకటే వేషం: ప్రభువు ముట్టగానే లేచి నడిచే కుంటి మనిషి. పోలియో కాలు నాకు సొంతంగానే ఉంది కాబట్టి నటన నేర్పే శ్రమ ఎవరికీ ఉండేది కాదు. ప్రభువు వేషం వేసినాయన తల మీద చెయ్యి పెట్టగానే చేతికర్ర అవతల పారేసి, గోడ పట్టుకుని రెండడుగులు వేసేదాన్ని. జనం హల్లెలూయా అనేవాళ్లు. తెర పడ్డాక ఆ కర్ర ఎక్కడ పడిందో దేవులాడుకోవడం కూడా నా పనే. ఇరవై ఏళ్లు ఏటా అట్లా నయమవుతూ వచ్చాను. మిగతా రోజుల్లో జాకెట్లు కుట్టుకుంటాను.

ఒక ఏడు ఆ నాటకం చూడటానికి పట్టణం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. కోస్తా వైపు మనిషి, ఆ పట్టణం ఆసుపత్రికి కొత్త. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మా స్టాఫ్‌కి దివ్యాంగుల గురించి ట్రైనింగ్ పెట్టమన్నారండీ. స్లైడ్లు వేస్తే అందరూ ఫోన్లు చూసుకుంటారు. మీరొచ్చి ఒక నాటకం వేయిస్తారా?" అని అడిగింది.

"ఆడ కూడా నన్ను నయం చేస్తారా మేడం?" అన్నాను.

ఆమె నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించింది. "కాదండీ. ఈసారి కథ మీ ఇష్టం," అంది.

కథ కోసం నేను ఎక్కువ కష్టపడలేదు. ఆసుపత్రుల్లో నాకు జరిగినవి రాస్తే చాలు. జ్వరమని పోతే కాలు చూసేవాళ్లు. పంటి నొప్పి అంటే కూడా కాలే చూసేవాళ్లు. "ఏమైంది?" అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ మా అమ్మను అడిగేవాళ్లు. కాలు చచ్చుబడితే నోరు కూడా పడిపోతుందని వాళ్ల చదువులో ఉందేమో, నాకు తెలియదు.

దివ్యాంగుల అవగాహన సదస్సు ఆసుపత్రి మేడ మీది హాల్లో పెట్టారు. లిఫ్టు లేదు. నేను ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ పైకి చేరేసరికి ఉపన్యాసం మొదలైపోయింది. దివ్యాంగులంటే దేవుడు ప్రత్యేకంగా ప్రేమించి పుట్టించిన వాళ్లని ముఖ్య అతిథి చెబుతున్నాడు. ఆ ప్రత్యేకత తన పిల్లలకు దక్కలేదని ఆయన బాధపడినట్టు మాత్రం కనిపించలేదు. నాకు శాలువా కప్పి, ఫొటో దిగి, వేరే మీటింగు ఉందని నాటకానికి ముందే వెళ్లిపోయాడు.

నాటకంలో నేను డాక్టరుని. రోగి వేషానికి పెద్ద నర్సమ్మను పిలిచాను. ఆమెకు ఎడమ మోకాలు కదలకుండా రెండు చెక్కలు పెట్టి గుడ్డతో కట్టాను. తోడు వచ్చిన తల్లిగా ఇంకొక నర్సు. అందరూ నవ్వుతున్నారు, పెద్ద నర్సమ్మ అందరికంటే ఎక్కువగా.

నేను తెల్లకోటు వేసుకుని, ఆమె ముఖం చూడకుండా, తల్లి వేషం వేసిన నర్సును అడిగాను. "ఏమైందమ్మా ఈ పిల్లకు?"

"మూడో నెల మేడం."

"ఈ కాలుతో కానుపు ఏంది? అసలు దీనికి పెండ్లెవరు చేసినారు?"

హాల్లో నవ్వు ఆగింది. పెద్ద నర్సమ్మకు ఇక్కడ మాటలేమీ రాయలేదు నేను. తల దించుకుంటే చాలని చెప్పాను. ఆమె మాత్రం తల ఎత్తి, "నేను ఈడనే ఉండాను గదా. నన్ను అడగండి. నాకు నోరుంది," అంది. అది నాటకం గొంతు కాదు. లేవబోయి, చెక్కల సంగతి మరిచి, బల్ల పట్టుకుని తూలింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు.

టీ ఇచ్చేటప్పుడు పెద్ద నర్సమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "నిజంగా అట్ల అంటారా ఎవరన్నా?"

"అన్నారు."

"ఎవరు పాపా?"

"నువ్వే అక్కా. నా కొడుకు కడుపులో ఉన్నప్పుడు. కడుపు తీయించుకోను చీటీ రాస్తా అన్నావు."

"నాకు గుర్తులేదు," అంది.

"నాకుంది."

ఆ మాట అనడానికి తొమ్మిదేళ్లు కాచుకున్నాను. అన్నాక తృప్తిగా ఉంటుందనుకున్నాను. ఆమె టీ తాగకుండానే గ్లాసు పక్కన పెడితే ఏమీ బాగా అనిపించలేదు. క్షమించమని ఆమె అడగలేదు. కిందికి దిగేటప్పుడు మాత్రం నాకంటే ఒక మెట్టు కింద, నా వేగంతోనే దిగింది. చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోవాలా అని అడిగింది, వద్దన్నాను.

సదస్సు విజయవంతమైందని రిపోర్టు పోయింది. డాక్టరమ్మకు బదిలీ అయింది. ఆసుపత్రి ర్యాంపు మీద మోటారు సైకిళ్లు ఎప్పటిలాగే హాయిగా నిలబడుతున్నాయి. ఆ ర్యాంపు వాటికోసమే కట్టారని ఇప్పుడు నాకు అర్థమైంది.

రెండు నెలల తర్వాత పెద్ద నర్సమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఈడికి నల్లమల లోపల్నుంచి ఒకామె వచ్చినాది. చెవులు వినపడవు, మాట రాదు. ఎట్ల మాట్లాడేది?"

"నాకు కాలు పోయింది అక్కా, చెవులు కాదు. నన్ను అడిగితే ఎట్ల?"

"నీకు తెలుస్తాదేమో అని."

"ఆమెనే అడుగు. రాసి చూపించు."

"సదువు రాదంట."

"అయితే బొమ్మ గీయి."

ఫోన్ పెట్టేసింది. కాసేపటికి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఓపీ చీటీ వెనక నర్సమ్మ గీసిన ఆడమనిషి. కాళ్లూ చేతులూ తగిలించిన గుమ్మడికాయలా ఉంది. ఆ పొట్టకు కుడిపక్కన, వేరే మనిషి చేత్తో, చీటీ చిరిగేంత గట్టిగా ఒక గుండ్రం గీసి ఉంది.

"ఆమే పెన్ను లాక్కుని, నొప్పి ఈడ అని పెట్టింది," అని కింద రాసింది నర్సమ్మ. "స్కానింగ్‌కు తీసుకపోతాన్నా."