తెలియదు వారి ఇల్లు

మా నాన్న ఏ ఫారంలోనూ గడి ఖాళీగా వదిలేవాడు కాదు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసిన మనిషి. రైలు పాసు ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనిపించినా గుమస్తా దాన్ని వెనక్కి పంపేసేవాడట. అది మళ్లీ తిరిగి వచ్చేలోగా సెలవు అయిపోయేది. అందుకని పాసైనా, రేషను కార్డైనా, మమ్మల్ని బడిలో చేర్పించే కాగితమైనా ప్రతి గడిలోనూ ఏదో ఒకటి రాసేవాడు. రాయడానికేమీ లేకపోతే ‘లేదు’ అని రాసేవాడు. ఇంటిపేరు దగ్గర మాత్రం ‘బి’ అని ఒక్క అక్షరం రాసి, కలం ఎత్తకుండా కాసేపు ఆగేవాడు.

ఆ ‘బి’ ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. తాత సిక్కోలు వైపు నుంచి వచ్చి పనిలో చేరినప్పుడు మస్టరులో ఆ అక్షరాన్నీ, పేరునూ మాత్రమే ఎక్కించారు. నాన్నకు మూడేళ్లు నిండకముందే తాతా నాయనమ్మా ఒకే వానాకాలంలో కలరాతో పోయారు. తాతతో కలిసి పనిచేసిన ఒకాయన నాన్నను పెంచాడు. ఆయన చెప్పగలిగింది రెండు ముక్కలే. వర్క్‌షాపులో ఒకే పేరుగలవాళ్లు ఇద్దరుంటే ఒకరిని బి అని, ఇంకొకరిని కె అని పిలిచేవారు. పాసు మీద ఊరెళ్లినప్పుడు తాత నౌపడా స్టేషన్‌లో దిగేవాడు. అక్కడ దిగి ఎటు నడిచేవాడో పెంచినాయన ఎప్పుడూ అడగలేదట.

మేముండే ట్రాఫిక్ కాలనీ నిండా తెలుగువాళ్లే. కొత్త మనిషి కలిస్తే ముందు ‘మీది ఏ స్టేషను’ అని, ఆ వెంటనే ‘ఇంటిపేరేటి’ అని అడిగేవారు. మొదటిదానికి నాన్న నౌపడా అని ధీమాగా చెప్పేవాడు. రెండోదానికి ‘బి’ అని నవ్వేవాడు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లి, మద్రాసు వైపు పోయే బళ్లకు అంటించిన రిజర్వేషను చార్టులు చదివేవాడు. పేరు ముందు బి కనిపిస్తే దానిమీద వేలు పెట్టి ఆగేవాడు. చార్టులోనూ బి అనే ఉండేది. రైలు కదిలాక ఇద్దరం టీ తాగి ఇంటికి వచ్చేవాళ్లం.

ఎనభైల నడుమ, నేను కాలేజీలో ఉండగా, ఒకరోజు ఆలస్యంగా మా ఊరు చేరే తెలుగు పత్రికలో ఒక ప్రకటన చూశాను. వివరాలు రాసి పంపితే మీ వంశవృక్షాన్ని వెతికి ఉచితంగా పంపుతామని ఏదో దక్షిణాది పట్నంలోని కార్యాలయం వేయించింది. నాన్నకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. కార్డు రాస్తే నాలుగు పేజీల ఫారం వచ్చింది. నాన్న చెబుతుంటే నేను రాశాను. ఇంటిపేరు గడి దగ్గరికి వచ్చాక బి అని రాయబోతుంటే వద్దన్నాడు.

“బి అంటే ఆళ్లకేటి తెలస్తాది? ఉన్నదే రాయి. తెలియదని రాయి.”

అలాగే రాశాను. చివరి పేజీలో, తెలిసిన పది తెలుగు కుటుంబాల వివరాలు కూడా ఇవ్వమని ఉంది. యజమాని పేరు, చిరునామా, వయసులు, పిల్లలు. వెతకడానికి ఇవన్నీ పనికొస్తాయి కాబోలు అనుకుని నాన్న మా వీధిలోని పది క్వార్టర్లనూ చెప్పుకుంటూ పోయాడు. ఎవరినీ అడగలేదు. అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఎదురింటివాళ్ల దగ్గర ‘పిల్లలు’ అన్న గడి వచ్చింది. ‘లేరు’ అని రాశాను.

నెల తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. అంతకుముందు మా ఇంటికి ఏడాదికి నాలుగు ఉత్తరాలు వస్తే గొప్ప. ఇప్పుడు వారానికి నాలుగు. ఒకటి రత్నాల ఉంగరాలవాళ్లది, ఒకటి జుట్టు నూనెవాళ్లది, ఒకటి ఇంట్లో కూర్చుని జాతకాలు చెప్పడం నేర్పుతామనేవాళ్లది. కార్యాలయాలు వేరు, ఊళ్లు వేరు. అన్నింటి మీదా నాన్న పేరుకు ముందు ఒకటే ఇంటిపేరు. తెలియదు.

మా పోస్టుమన్ బెంగాలీ. ఆయనకు అదొక పేరు. గుమ్మం ముందు సైకిలు ఆపి “తెలియాదు బాబు, చిఠీ” అని కేకవేసేవాడు. కాలనీ అంతా ఆ పిలుపు పట్టుకుంది. వర్క్‌షాపులోనూ నాన్నను తెలియదుగారూ అని పిలవడం మొదలుపెట్టారు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని, ప్రతి కవరునూ బ్లేడుతో అంచున కోసి, నూనె ప్రకటన అయినా సరే చివరి వరకూ చదివేవాడు. వాటి మధ్యలో అసలుది కూడా రావచ్చు కదా.

ఎదురింటి ఆవిణ్ణి నేను పిన్ని అనేవాణ్ణి. సాయంత్రం పూట మా అరుగు మీద అమ్మతో కూర్చుని బియ్యం ఏరేది. ఒక మధ్యాహ్నం ఆమె కుళాయి దగ్గర ఉండగా ఆమె భర్త పేరిట ఒక కార్డు వచ్చింది. కవరు లేని కార్డు. పక్కింటావిడ అందుకుని, మంచి కబురేమో అనుకుని అందరి ముందూ పైకి చదివింది. సంతానం లేని దంపతులకు ఏదో మూలిక. కింద పెద్ద అక్షరాల్లో, ఇంకెన్నాళ్లు బాధపడతారు అని ఉంది.

పిన్ని ఆ సాయంత్రం కార్డు తెచ్చి నాన్న చేతికిచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

“బావా, మా ఇంట్లో పిల్లల్లేరని ఆడికెవులు సెప్పినారు?”

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాన్న నావైపు చూడలేదు.

“నానే రాసినాను తల్లీ. ఫారంలో గడి ఉన్నాది.”

“గడుంటే రాసెయ్యడమేనేటి? వొదిలేస్తే ఏటయిపోద్ది?”

ఆమె వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మా అరుగు మీదికి రాలేదు. ఆ కార్డులు మాత్రం ఆగలేదు. ఇంకో కార్యాలయం, ఇంకో మందు. ఆమె వాటిని చింపేది కాదు. తెచ్చి మా కిటికీలో పెట్టి వెళ్లేది.

ఆ చలికాలంలో నాన్న ఎదురుచూసిన కవరు వచ్చింది. రంగు కాగితం మీద అచ్చువేసిన చెట్టు, దాని కింద చరిత్ర. ఇంటిపేరు రావలసిన చోటల్లా చుక్కల గీత వేసి, ఆ గీతల మీద పెన్నుతో నింపారు. తెలియదు వారు పూర్వం కోటలకు కాపు కాసి రాజుల మన్ననలు పొందిన వంశంవారు. తెలియదు వారి స్త్రీలు దానశీలురు. నాకు నవ్వు వచ్చింది. నాన్న నవ్వలేదు. చెట్టును వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

“అలాటి ఇంటిపేరు నిజంగా ఉన్నాదేమో?” అన్నాడు.

లేదని నేనే చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు ఆ కార్యాలయానికి ఉత్తరం రాయమన్నాడు. మేమిచ్చిన పది ఇళ్ల పేర్లూ కొట్టేయమని, ఎవరికీ ఇవ్వవద్దని, ఇచ్చినవాళ్ల దగ్గర నుంచి కూడా వెనక్కి తీసుకోమని. మన పేరు కూడా తీసేయమని రాయనా అని అడిగాను.

“మనది ఉండనీ. రేపెప్పుడో దొరికితే ఎక్కడికని రాస్తారు?”

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. కొన్నేళ్లకు నేను పత్రికలో చేరాక, ప్రకటనల విభాగంలో ఒక పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. చిరునామాల జాబితాలు బియ్యం బస్తాల్లా చేతులు మారతాయని, ఒకసారి బయటికి పోయిన పేరును ఎవరూ వెనక్కి తేలేరని ఆయన చెప్పాడు. ఈ మాట నాన్నకు చెప్పలేదు.

మరుసటి వేసవిలో పిన్ని పుట్టింటికి వెళ్లింది. ఆమెదీ నౌపడా దగ్గరి పల్లెటూరే. వచ్చాక మొదటిసారి మా అరుగు ఎక్కింది. తాత పేరు చెప్పి, ఖరగ్‌పూర్ వెళ్లి తిరిగి రాని మనిషి ఎవరి ఇంట్లోనైనా ఉన్నాడా అని చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లందరినీ అడిగిందట. ఎవరికీ గుర్తులేదు. బి తో మొదలయ్యే ఇంటిపేర్లు మాత్రం మూడు పట్టుకొచ్చింది. నాన్న ఒక్కో ఇంటిపేరును తన పేరు ముందు పెట్టి, నెమ్మదిగా పలికి చూసుకున్నాడు. మూడూ బాగానే ఉన్నాయి.

“నచ్చింది పెట్టీసుకో బావా. కాదనీవోళ్లు ఎవులున్నారు?”

“తప్పుది పెట్టుకున్నాననుకో. మావోళ్లు ఎతుక్కుంటూ వొస్తే నాను దొరకను కదేటి?”

పిన్ని చాట దగ్గరికి లాక్కుని అమ్మతో పాటు బియ్యం ఏరింది.

మొన్న మా మేనకోడలు ఫోను చేసింది. గొట్టంలో కాస్త ఉమ్మి పంపితే మనతో రక్తం కలిసినవాళ్లు ఎక్కడున్నా చెబుతారట, తాతయ్య కోసం చేయించు మామయ్యా అంది. వాళ్ల ఫారం తెప్పించుకుని, పత్రికలో అలవాటైన కళ్లతో చిన్న అక్షరాలు కూడా చదివాను. నా వివరాలను తమ భాగస్వాములకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నానా అని ఒక గడి. ఇంట్లోవాళ్ల జబ్బుల గురించి ఒక గడి. ఆమె రెండుసార్లు గుర్తుచేసింది. నాకూ ఆశ లేకపోలేదు. కానీ ఆ ఉమ్మి నా ఒక్కడిది కాదు, ఆమెదీ, ఇంకా పుట్టని వాళ్లదీ. వాళ్లను అడిగి రాయాలి కదా. ఫారం నా బల్ల మీదే ఉంది, గడులన్నీ ఖాళీగా. నాన్న చూస్తే ఊరుకునేవాడు కాదు.

తొంభైల మొదట్లో నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సామాను ఇంకా విప్పకముందే నాన్న పోస్టాఫీసుకు వెళ్లి, తన పేరిట వచ్చే ఉత్తరాలన్నీ కొత్త చిరునామాకు పంపమని రాసిచ్చి వచ్చాడు. వచ్చేవన్నీ నూనెలూ ఉంగరాలేనని ఆయనకు తెలుసు. వారం తర్వాత, ఆ పేటకు వచ్చే కొత్త పోస్టుమన్ వీధి మొదట్లో నిలబడి, తెలియాదు బాబు ఇల్లు ఏదని ఎవరినో బెంగాలీలో అడుగుతున్నాడు. నాన్న అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే గేటు దాకా వెళ్లి, ఎడం చెయ్యి పైకెత్తాడు.